అంకెల గనులు

విజయనగరమునకు సుమారు 12 కిలోమీటర్ల దూరమున, నెల్లిమర్ల మండలములో రామతీర్థము కలదు. రామస్వామివారి కోవెలకు వచ్చు యాత్రికులలో కొందరు చుట్టునున్న కొండలను కూడ ఎక్కి చూచుచుందురు. గురుభక్తులకొండపై బౌద్ధ విహారముల శిథిలములును, దుర్గకొండ గుహలో జైన శిల్పములును కలవు. ఆ గుహలోనే తూర్పు చాళుక్యరాజగు విమలాదిత్యుని కాలపు శాసన మొకటి కలదు. త్రికాలయోగి సిద్ధాంతదేవుడను జైనాచార్యుడు ఈ కొండకు నమస్కరించిన సంగతి అందు చెక్కబడినది. అది వేయి సంవత్సరముల నాటి మాట.

తాటాకుపై వ్రాయుట సులభము. రాతిపై చెక్కుట కష్టము. అయినను పూర్వులు ముఖ్యమైన సంగతులను రాతిపైననే చెక్కించిరి. ఏలననగా, రాతిపై నున్న వ్రాతకు మూడు గుణములు కలవు. దానిని చెక్కుటకు చాల శ్రమ కావలెను. చదువుటకు మాత్రము శ్రమ లేదు. ఎవరైన ఒక అక్షరమును మార్చదలచినచో మరల చెక్కవలెను. ఆ మార్పు అందరి కంటను పడును. బిట్‌కాయిన్ మొదలగు అంకెల నాణెముల వెనుక నున్న సూత్రము కూడ ఇదియే. వాటి "త్రవ్వకము", అనగా మైనింగ్ అనబడునది, నిజమునకు త్రవ్వుట కాదు, చెక్కుట.

ఇంటిలో ఒక యంత్రము పెట్టుకొన్నచో డబ్బు త్రవ్వుకొనవచ్చుననియు, సెల్ ఫోనులోనే ఈ పని జరుగుననియు చెప్పు ప్రకటనలు నేడు ప్రతి విద్యార్థి కంటను పడుచున్నవి. వాటిని నమ్మి పొలము మీద అప్పు తెచ్చి యంత్రము కొనుటకు పూర్వము, ఆ యంత్రము చేయు పని యేమో తెలిసికొనుట మేలు.

చిట్టా వ్రాయునది ఎవరు?

దుకాణదారునకు చిట్టా, ఆవర్జా ఎట్టివో, అంకెల నాణెములకు పద్దుల పుస్తకము అట్టిది. ఎవరి నుండి ఎవరికి ఎన్ని నాణెములు చేరినవో అందు వరుసగా వ్రాయబడును. బ్యాంకు పుస్తకమును బ్యాంకే వ్రాయును, దానిని నమ్ముదుము. బిట్‌కాయిన్‌కు బ్యాంకు లేదు. దాని పుస్తకపు ప్రతులు ప్రపంచమందంతట వేలాది కంప్యూటర్లలో నుండును. అట్లయినచో క్రొత్త పుటను వ్రాయు హక్కు ఎవరిది? దొంగ పద్దు వ్రాయకుండ అడ్డుకొనునది ఏది?

సతోషి నకమోటో అను పేరుతో 2008 అక్టోబరు 31న వెలువడిన వ్యాసములో ఈ ప్రశ్నకు సమాధానము చెప్పబడినది. ఆ పేరు ఎవరిదో నేటికిని తేలలేదు. సమాధానము మాత్రము సరళము: ఎవడు శ్రమపడి పుటకు సరియైన ముద్ర కనుగొనునో వాడే ఆ పుటను చేర్చవచ్చును. ప్రతి పుటలోను క్రిందటి పుట ముద్ర కూడ చేర్చబడును. కాబట్టి పాత పుటలో ఒక అంకెను మార్చినచో దాని తరువాతి ముద్రలన్నియు చెడును. ఇట్లు గొలుసువలె నేర్పడిన పుటల వరుసకే బ్లాక్‌చైన్ అని పేరు. మొదటి పుట 2009 జనవరి 3న వ్రాయబడెను.

పలకపై చేయదగిన ప్రయోగము

ముద్రను కనుగొనుట యెట్లో తరగతిలోనే చూపవచ్చును. పుటలోని పద్దును 4271 అను సంఖ్యగా తీసికొనుడు. నియమ మిది: ఈ సంఖ్యకు 1, 2, 3 అను ప్రయత్నపు సంఖ్యలను వరుసగా కూడవలెను, వచ్చిన దానిని వర్గము చేయవలెను, వర్గములో వందల స్థానమున సున్న వచ్చినచో ముద్ర పడినట్లు.

1 కూడగా 4272; దాని వర్గము 1,82,49,984. వందల స్థానములో 9 ఉన్నది, పనికిరాదు. 2 కూడగా 4273; వర్గము 1,82,58,529. అచ్చట 5 ఉన్నది, పనికిరాదు. 3 కూడగా 4274, వర్గము 1,82,67,076. వందల స్థానములో సున్న వచ్చినది. ముద్ర దొరకినది.

ఇపుడు మూడు సంగతులు గమనింపవలెను. కనుగొనువాడు సగటున పదిసార్లు గుణింపవలెను; ఇచ్చట మూడవసారికే దొరకుట అదృష్టము. సరిచూచువాడు ఒక్కసారి గుణించిన చాలును. ఎవరైన పద్దును 4271 నుండి 4281కి దిద్దినచో, 3 కూడగా వచ్చు 4284 యొక్క వర్గము 1,83,52,656. వందల స్థానములో 6 కనబడి మోసము బయటపడును. వేల స్థానములో కూడ సున్న రావలెనన్నచో సగటున నూరు ప్రయత్నములు కావలెను. అనగా సున్నలను పెంచి శ్రమను ఎంతకైన పెంచవచ్చును.

వర్గములకు బీజగణితములో అడ్డదారులు కలవు కనుక ఇది ఆటబొమ్మ మాత్రమే. బిట్‌కాయిన్‌లో షా-256 అను పద్ధతి వాడబడును. ఎంత వ్రాత నిచ్చినను అది 256 ద్విసంఖ్యాంకముల ముద్రగా మార్చును. వ్రాతలో ఒక్క చుక్క మారినను ముద్ర పూర్తిగా మారిపోవును. దీనికి అడ్డదారి ఇంతవరకు ఎవరికిని దొరకలేదు. ఒకదాని తరువాత ఒకటి ప్రయత్నించుట తప్ప వేరు మార్గము లేదు.

బహుమానము, పోటీ

ముద్రను కనుగొన్నవానికి క్రొత్త నాణెములు బహుమానముగా లభించును. ఆ పుటలోని పద్దులకు చెల్లింపబడు రుసుము కూడ కొంత వచ్చును. బహుమానము మొదట 50 బిట్‌కాయిన్లు. ప్రతి 2,10,000 పుటలకు అది సగమగును. 2012లో 25, 2016లో 12.5, 2020లో 6.25, 2024 ఏప్రిలులో 3.125 అయ్యెను. ఇట్లు తగ్గుచు పోవుటచేత మొత్తము నాణెములు 2 కోట్ల 10 లక్షలకు మించవు. గనిలో శ్రమపడి ఖనిజమును వెలికి తీసినట్లు ఇచ్చట శ్రమపడి క్రొత్త నాణెములను వెలికి తెత్తురు గనుకనే దీనికి మైనింగ్ అను పేరు వచ్చినది.

అయితే గనికిని దీనికిని పెద్ద భేదము కలదు. గనిలో పదిమంది బదులు ఇరువదిమంది త్రవ్వినచో ఖనిజము రెట్టింపు వచ్చును. ఇచ్చట ఎందరు చేరినను పుటలు సుమారు పది నిమిషములకు ఒకటి చొప్పుననే వచ్చును. ప్రతి 2,016 పుటలకు ఒకసారి, అనగా రెండు వారముల కొకసారి, వేగమును బట్టి కష్టము తనంతట సవరింపబడును. కాబట్టి ఒకడు పెద్ద యంత్రము తెచ్చినచో మొత్తము రాబడి పెరగదు. ఇతరుల వాటా తగ్గును.

2009లో సాధారణ కంప్యూటరుతో ఈ పని చేయగలిగిరి. తరువాత బొమ్మల కొరకు వాడు గ్రాఫిక్స్ కార్డులు వచ్చెను. 2013 నుండి ఈ ఒక్క పనికే నిర్మింపబడిన ఏసిక్ యంత్రములు వచ్చి తక్కినవాటిని వెనుకకు నెట్టెను. 2025లో ప్రపంచములోని ఈ యంత్రములన్నియు కలిసి సెకనుకు చేయు ప్రయత్నములు 1 ప్రక్కన 21 సున్నల సంఖ్యకు చేరెను. అది కోటిని కోటితోను, మరల కోటితోను హెచ్చవేసిన సంఖ్య.

ఆరంభించువానికి కావలసినవి

క్రొత్తగా ఆరంభించువానికి నాలుగు వస్తువులు కావలెను. మొదటిది ఏసిక్ యంత్రము. రెండవది ఎడతెగని విద్యుత్తు, ఇంటర్నెట్టు. మూడవది వాలెట్, దీనిలో నాణెములు నిజముగా ఉండవు, వాటిని ఖర్చు చేయుటకు వలసిన రహస్యసంఖ్య మాత్రమే ఉండును. ఆ సంఖ్య పోయినచో నాణెములు పోయినట్లే. ఇతరునకు తెలిసినచో అవి వాని వశమగును. నాలుగవది పూల్, అనగా చిన్నవారు శ్రమను కలిపి బహుమానమును పంచుకొను ఉమ్మడి సంఘము.

పూల్ ఏల కావలెనో లెక్క చెప్పును. సెకనుకు కోటి కోట్ల ప్రయత్నములు చేయు ఒక యంత్రమును తీసికొన్నచో, ప్రపంచపు మొత్తములో దాని వాటా కోటిలో ఒకటి. కోటి పుటలకు ఒకటి దానికి దక్కును. పుటకు పది నిమిషముల చొప్పున కోటి పుటలకు పట్టు కాలము సుమారు 190 సంవత్సరములు! పూల్‌లో చేరినచో ఆ బహుమానమునే రోజుకు కొంచెము చొప్పున పొందవచ్చును. పూల్ వలన రాబడి పెరగదు, నిరీక్షణ మాత్రమే తగ్గును. దానికి సంఘము కొంత రుసుము తీసికొనును.

కాగితముపై లెక్క

ఆ యంత్రము 2020 ప్రాంతమున వచ్చిన రకమైనచో సుమారు 3 కిలోవాట్ల విద్యుత్తు వాడును. రేయింబవళ్లు నడుపగా రోజుకు 72 యూనిట్లు, నెలకు 2,160 యూనిట్లు అగును. యూనిట్ 8 రూపాయలనుకొన్నచో రోజు ఖర్చు 576 రూపాయలు. ఇంటి మీటరుపై వాడకము పెరిగినకొలది యూనిట్ ధర కూడ పెరుగును.

ఇక రాబడి. రోజుకు 144 పుటలు, పుటకు 3.125 చొప్పున మొత్తము 450 బిట్‌కాయిన్లు. అందులో కోటవ వంతు 0.000045 బిట్‌కాయిన్. 2025 అక్టోబరులో బిట్‌కాయిన్ ధర అప్పటి వరకు ఎన్నడును లేనంతగా 1,26,000 డాలర్లకు, అనగా సుమారు 1 కోటి 11 లక్షల రూపాయలకు చేరెను. ఆ ధరకు అమ్మినను రోజు రాబడి 500 రూపాయలు మాత్రమే. అనగా అంత ఉచ్చదశలో కూడ రోజుకు 76 రూపాయల నష్టము. యంత్రపు వెల ఇంకను లెక్కలోనికి రాలేదు.

తరువాత వచ్చిన మేలైన యంత్రములు ఇదే పనిని సగము విద్యుత్తుతో చేయును. అయితే వాటి వెల లక్షల రూపాయలు. అట్టివి ప్రపంచమందంతట పెరిగినకొలది కష్టము పెరిగి ఒక్కొక్కరి వాటా తగ్గును. బహుమానము సగమగు సమయము మరల 2028లో రానున్నది. అంతే కాదు, యంత్రము వాడిన 3 కిలోవాట్లును చివరకు వేడిగా మారును. మూడు ఇస్త్రీపెట్టెలను పగలు రాత్రి కాల్చి యుంచినట్లగును. కోస్తా వేసవిలో దానిని చల్లబరచుటకు మరికొంత విద్యుత్తు కావలెను.

సెల్ ఫోనుతో త్రవ్వించు ప్రకటనల సంగతి దీనినిబట్టియే తేలును. ఏసిక్ యంత్రమునకే నష్టము వచ్చుచోట ఫోను చేయగలది శూన్యము. ఫోనులోనే మైనింగ్ చేయు యాప్‌లను ఆపిల్, గూగుల్ సంస్థలు 2018లోనే తమ అంగళ్లలో నిషేధించెను. ముందు డబ్బు కట్టుమని, స్నేహితులను చేర్చుమని, రోజుకింత ఖాయమని చెప్పునది మైనింగ్ కాదు. నిజమైన మైనింగ్‌లో ఖాయమన్న మాటకు తావు లేదు.

చట్టము

భారతదేశములో ఈ నాణెములు చట్టబద్ధమైన ద్రవ్యము కావు. వీటి వ్యాపారులకు బ్యాంకులు సేవలు చేయరాదని రిజర్వు బ్యాంకు 2018లో ఇచ్చిన ఉత్తరువును సుప్రీంకోర్టు 2020 మార్చి 4న కొట్టివేసెను. 2022 ఏప్రిల్ 1 నుండి వీటి అమ్మకపు ఆదాయముపై నూటికి 30 వంతున పన్ను కలదు. కొన్న వెల తప్ప వేరు ఖర్చు తీసివేయబడదు. ఒకదానిలో వచ్చిన నష్టమును మరొకదాని లాభములో తగ్గించుకొనరాదు. మైనింగ్ యంత్రముల ఖర్చు కొన్న వెలగా పరిగణింపబడదని ప్రభుత్వము 2022లో పార్లమెంటుకు తెలిపెను. కాబట్టి పై లెక్కలోని 500 రూపాయలలో 150 పన్నుకు పోవును. మిగిలిన 350తో 576 రూపాయల కరెంటు బిల్లు కట్టవలెను.

రెండు గనులు

రామతీర్థమునకు చాల దూరము పోనక్కరలేదు. గరివిడి, చీపురుపల్లి ప్రాంతములలో నిజమైన గనులు కలవు. పందొమ్మిదవ శతాబ్ది చివరి దశాబ్దములో భారతదేశపు మాంగనీసు త్రవ్వకము ఈ ప్రాంతముననే ఆరంభమయ్యెను. ఆ ఖనిజమును విద్యుత్ కొలిమిలో కరగించి ఉక్కు పరిశ్రమకు వలసిన ఫెర్రోమాంగనీసు తయారు చేయుదురు. ఒక టన్నుకు సుమారు 3,000 యూనిట్ల విద్యుత్తు పట్టును. పైన చెప్పిన యంత్రము అంతే విద్యుత్తును ఆరు వారములలో వాడివేయును. ఒకచోట టన్ను లోహము మిగులును. రెండవచోట పుస్తకముపై ఒక ముద్ర, గదిలో వేడి మిగులును.

ఆ ముద్ర వ్యర్థమని చెప్పరాదు. ఎవరిని నమ్మనక్కరలేని పుస్తకమునకు అది వెల. అట్టి పుస్తకము అవసరమా, ఆ వెల తగినదా అన్నదే ప్రశ్న. నమ్మదగిన అధికారి ఉన్నచోట ఈ శ్రమ లేకయే గొలుసు పుస్తకమును నడుపవచ్చును. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2017లో భూమి రికార్డులకు బ్లాక్‌చైన్ వాడు ప్రయత్నమును ఆరంభించినది. ఈథీరియమ్ అను నాణెము కూడ 2022 సెప్టెంబరు 15న మైనింగ్‌ను పూర్తిగా విడిచి, విద్యుత్తు వాడకమును నూటికి 99 వంతులకు పైగా తగ్గించుకొనెను.

కావున విద్యార్థికి తగిన ఆరంభము యంత్రము కొనుట కాదు. పాఠశాల కంప్యూటరుపై పైథాను భాషలో పది పంక్తుల ప్రోగ్రాము వ్రాసి, షా-256 ముద్రలో మొదట ఎన్ని సున్నలు రావలెనో నిర్ణయించి, వెదకించి చూడవచ్చును. ముద్రను పదునారు గుర్తుల పద్ధతిలో వ్రాసినపుడు ఒక సున్నకు సగటున 16 ప్రయత్నములు, నాలుగు సున్నలకు 65,536, ఆరు సున్నలకు 1,67,77,216 కావలెను. ఆరు సున్నలకే కంప్యూటరు కొంత తడవు తీసికొనును. బిట్‌కాయిన్ పుటకు 2025లో సుమారు 19 సున్నలు కావలసి యుండెను. ప్రతి సున్నకు పదునారు రెట్లు! ఈ లెక్కను తన చేతితో చేసి చూచిన విద్యార్థిని ఏ ప్రకటనయు మోసగింపజాలదు. దుర్గకొండ శాసనమును చెక్కిన శిల్పికి ఉలిదెబ్బ విలువ తెలిసినట్లు, వానికి ఒక్కొక్క సున్న విలువ తెలియును.