దిష్టిబొమ్మ నేర్పే పాఠం

పాలమూరు, నల్లగొండ మెట్టభూములలో పల్లీచేను కాపుకు రాగానే రైతు దిష్టిబొమ్మను నిలుపుతాడు. గట్ల చుట్టూ పాత చీరలు కడతాడు. తొలి రాత్రులలో అడవిపందులు దరిచేరవు. కొన్నాళ్లకు ఆ బొమ్మ ప్రక్కనే కాయలు త్రవ్వుకొని తింటాయి. ఈ బెడద భరించలేక పల్లీసాగునే మానుకున్న రైతులున్నారు. పందికి ధైర్యం హెచ్చిందని మనమంటాము. వాస్తవానికి హెచ్చినది ధైర్యం కాదు, అనుభవజ్ఞానం.

ప్రతి నీడకూ బెదరి పారిపోయే ప్రాణి ఆకలితో నశిస్తుంది; దేనికీ బెదరనిది శత్రువు వాత పడుతుంది. కనుక ఏ సూచన వెనుక నిజమైన అపాయమున్నదో, దేని వెనుక లేదో జంతువు తెలుసుకొనక తప్పదు. కదలని బొమ్మ ఏ హానీ చేయదని తేలినప్పుడు భయం సడలిపోతుంది. అలవాటుపడుట అనే ఈ గుణం అభ్యసనంలో మిక్కిలి సరళమైనది.

జీర్ణక్రియపై పరిశోధనకు 1904లో నోబెల్ బహుమతి పొందిన రష్యా శాస్త్రజ్ఞుడు పావ్లోవ్, ఒక ధ్వని వెంట ఆహారం పెడుతూ వస్తే, కుక్కకు ఆ ధ్వని వినగానే లాలాజలం ఊరుతుందని చూపాడు. ఆహారం మానివేసి ధ్వని మాత్రమే వినిపిస్తే ఆ స్పందన క్రమంగా సన్నగిల్లింది. అయితే అమెరికా శాస్త్రజ్ఞుడు స్కిన్నర్ మరొక విశేషం గమనించాడు. ప్రతిసారీ గాక అప్పుడప్పుడు మాత్రమే ఫలితమిచ్చే అలవాటు త్వరగా వదలదు.

మన్ననూరు దాటి శ్రీశైలం దారిలో నల్లమల ప్రవేశించిన వారికి దీని నిదర్శనం కనిపిస్తుంది. పది బండ్లు ఆగకుండా పోయినా, పదకొండవ బండి నుండి ఒక అరటిపండు పడితే చాలు, కోతి రోడ్డును విడువదు. మన దయాగుణమే దానికి గురువైనది.

పరిసరాలు నిలకడగా ఉన్నప్పుడు పాత అనుభవమే ప్రాణికి దారి చూపుతుంది. అవి తరచు మారుతున్నప్పుడు నిన్నటి అనుభవానికే విలువ ఎక్కువ. ఎంత వేగంగా నేర్వాలో, దేనిని విడవాలో కూడా ప్రాణి పరిస్థితిని బట్టి సవరించుకుంటుంది.

అందుచేత బొమ్మను ఒకేచోట పాతి నిద్రించిన రైతు కన్నా, దాని చోటు మార్చుతూ, ఒకనాడు డప్పు, మరొకనాడు మంట, ఇంకొకనాడు మంచెపై మనిషి కేకతో కాపలా కాచే రైతుకు పంట దక్కే అవకాశమెక్కువ. బెదిరింపు వెనుక అప్పుడప్పుడైనా నిజమైన మనిషి ఉండాలి. అట్లే, బండి ఆపి కోతికి ఆహారం విసరకుండుట మన వంతు కర్తవ్యం. అడవిప్రాణి అనుదినం మనలను చదువుతూనే ఉన్నది. దానికి ఏ పాఠం చెప్పవలెనో నిర్ణయించుకొనవలసినది మనమే.