చెత్త మన ఊరిది, చట్టం శాసనసభది

తెల్లవారకముందే వాకిలి ఊడ్చి, కళ్ళాపి చల్లి, ముగ్గు పెట్టే ఇల్లాలికి శుభ్రత గురించి ఎవరూ పాఠాలు చెప్పనక్కరలేదు. కాని గుమ్మం దాటిన చెత్త ఎక్కడికి పోతుంది? దాన్ని మోసే ఖర్చు ఎవరు నిర్ణయిస్తారు? ఈ రెండు ప్రశ్నలూ మనం సాధారణంగా వేసుకోము. వేసుకుంటే జవాబు కొంత మునిసిపల్ కౌన్సిలులోనూ, పెద్దభాగం శాసనసభలోనూ దొరుకుతుంది.

ముందు స్థలం సంగతి చూద్దాము. కాటన్ దొర 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసిన తరువాత డెల్టా అంతా కాలవలమయమైనది. వరిచేను కాకపోతే కొబ్బరితోట, అది కాకపోతే చేపల చెరువు. చాలాచోట్ల నాలుగడుగులు తవ్వితే నీళ్ళు! అటువంటి నేలలో చెత్త పూడ్చితే దానినుంచి కారే నల్లటి నీరు బావుల్లోకీ, కాలవల్లోకీ దిగుతుంది. తడిచెత్త కుళ్ళి పుట్టే మీథేన్ వాయువు ఎండాకాలంలో అంటుకున్నదంటే, ఇక పొగ ఒక పట్టాన ఆరదు. 2016లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం చెత్త పూడ్చే స్థలం నదికి 100 మీటర్లు, చెరువుకూ ఇళ్ళకూ రహదారికీ 200 మీటర్లు, విమానాశ్రయానికి 20 కిలోమీటర్లు దూరంగా ఉండవలసి వచ్చేది. ఒక ఊరి పొలిమేర దాటగానే మరొక ఊరు వచ్చే గోదావరి జిల్లాల్లో అటువంటి జాగా ఏ మునిసిపాలిటీకైనా తేలికగా దొరుకుతుందా? ప్రభుత్వం కలుగజేసుకోనిదే దొరకదు.

ఇక డబ్బు సంగతి. రాజ్యాంగం 74వ సవరణ 1993 జూన్ 1 నుంచి అమలులోకి వచ్చినది. పురపాలక సంఘాలకు అప్పగించదగిన 18 పనుల్లో చెత్త నిర్వహణ కూడా ఒకటి. అయితే పన్ను వేసే అధికారం మాత్రం శాసనసభ చట్టం చేసి ఇచ్చినంతమేరకే. పని ఊరికి, తాళంచెవి రాజధానికి!

2020లో కేంద్రం రాష్ట్రాలకు ఒక షరతు పెట్టినది. ఇంటిపన్నును స్థలాల ప్రభుత్వ విలువకు ముడిపెట్టి, నీటికీ మురుగుకూ రుసుములు సవరిస్తే అదనంగా అప్పు తెచ్చుకోవచ్చు. ఆంధ్రప్రదేశ్ ఆ షరతు నెరవేర్చి, 2021 జనవరిలో 2,525 కోట్ల రూపాయల అదనపు రుణానికి అనుమతి పొందినది. అంతవరకు అద్దె విలువమీద లెక్కవేసిన ఇంటిపన్ను 2021 ఏప్రిల్ నుంచి ఆస్తి విలువమీదకు మారినది. ఏడాదికి 15 శాతానికి మించి పెరగకూడదని హద్దు పెట్టారు. అదే ఏడు అక్టోబరు 2న ‘క్లాప్’ పథకం ఆరంభమైనది. కొన్ని నగరాల్లో ఇంటికి నెలకు 120 రూపాయలదాకా వసూలు చేశారు. దానికి జనం పెట్టిన పేరే ‘చెత్తపన్ను’. ఇంటిపన్నులోనే పారిశుధ్యానికి భాగమున్నప్పుడు మళ్ళీ ఇదేమిటని గృహస్థులు అడిగారు. వాహనాలకూ, కూలీలకూ డబ్బెక్కడిదని అధికారులు అడిగారు. రెండూ న్యాయమైన ప్రశ్నలే.

2024 అక్టోబరు 2న మచిలీపట్నంలో ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడుగారు ఆ పన్ను రద్దు చేస్తున్నట్లు ప్రకటించారు. తరువాత శాసనసభ చట్టాన్ని సవరించినది. పన్ను పోయినది గాని చెత్త పోలేదు. రాష్ట్రంలో 85 లక్షల టన్నుల పాత చెత్త పేరుకుని ఉన్నదని ప్రభుత్వమే చెప్పినది.

ఇటువంటి చిక్కులు విప్పడానికే శాసనసభ్యుణ్ణి కౌన్సిలులో పదవిరీత్యా సభ్యునిగా కూర్చోబెట్టారు. వీధి గోడు విని, దాన్ని శాసనసభలో వినిపించవలసినవాడు ఆయనే. ఇరవయ్యవ శతాబ్దపు తొలి సంవత్సరాల్లో రాజమండ్రి మునిసిపల్ ఛైర్మన్‌గా పనిచేసిన టంగుటూరి ప్రకాశం పంతులుగారు 1953లో ఆంధ్రరాష్ట్రపు తొలి ముఖ్యమంత్రి అయ్యారు. కౌన్సిలు నుంచి శాసనసభకు దారి మన ఊరికి కొత్త కాదు.

కాని విచిత్రం చూడండి. రాజమహేంద్రవరం కౌన్సిలు కాలం 2019లో ముగిసినది. 2021 మార్చిలో రాష్ట్రంలో చాలా నగరాలకు ఎన్నికలు జరిగినా దీనికి జరగలేదు. చెత్తపన్ను వచ్చిన 2021లోనూ, పోయిన 2024లోనూ కౌన్సిలు లేదు. అధికారులు నగరాన్ని నడిపారు, నిజమే. అయితే మా వీధిలో బండి రావడం లేదని నిలదీయడానికి కార్పొరేటరు లేడు. శాసనసభ్యుణ్ణి అందరి ఎదుట అడిగే సభ లేదు.

కౌన్సిలు కూర్చున్న ఊళ్ళలోనైనా అడగవలసినవి మూడున్నాయి. చెత్తపన్ను తీసివేసినందువల్ల తగ్గిన రాబడికి బదులు ప్రభుత్వం ఏమిస్తుంది? నాలుగైదు ఊళ్ళకు కలిపి ఒక స్థలం చూపిస్తుందా? పూడ్చే చెత్తను అసలు తగ్గించే ఏర్పాటేమిటి? మన చెత్తలో సుమారు సగం తడిచెత్తే. అరటిడొప్పలు, కూరల తొక్కలు విడిగా పోగుచేస్తే ఎరువవుతుంది. ఆ ఎరువుకు కడియం నర్సరీలకన్న దగ్గర బేరం ఎక్కడున్నది?

తడి, పొడి వేరుచేసే పని మన వంటింటిది. వేరుచేసి ఇచ్చినదాన్ని మళ్ళీ ఒకే బండిలో కలిపి పోయకుండా చూసే పని కౌన్సిలుది. ఆ బండికి డబ్బు, ఆ ఎరువుకు జాగా తెచ్చే పని శాసనసభ్యుడిది. ఈసారి ఓటు అడగడానికి వచ్చినవారిని ఈ సంగతి కూడా అడుగుదాము.