ఉపవాసపు చేపకు విందు

కోటి విద్యలు కూటి కొఱకే యను సామెత మన మెఱుగనిది కాదు. ఆ కోటిలో నొక వింత విద్య స్కాట్లండు దేశమున గలదు. టే, స్పే, డీ, ట్వీడ్ అను నదుల యొడ్డునకు వేడుకకై చేపలు పట్ట వచ్చు నతిథులకు తోడుండి, పట్టు విధమును నేర్పుటయే యా విద్య. అదియే వృత్తిగా జీవించువారిని గిల్లీ లందురు. గేలిక్ భాషలో నా మాటకు కుఱ్ఱవాడని యర్థము. తల నెఱసినను గిల్లీ కుఱ్ఱవాడే!

ఈ వేటలో వానపామును ఎరగా గ్రుచ్చరు. ఈకలు, వెండ్రుకలు, దారము గాలమునకు జుట్టి ఈగవంటి బొమ్మను గట్టుదురు. ఆ యీగకు బరువు లేదు. కావున దానిని దూరము కొనిపోవునది గాలపు త్రాటి బరువే. కఱ్ఱను వెనుకకు విసరి, త్రాడు చక్కగ సాగువఱకు క్షణ మాగి, పిమ్మట ముందునకు విసరవలెను. ఆ క్షణ మాగుటయే యతిథులకు చేతకాదు. గాలము పోయి చెట్టుకొమ్మకో, తమ టోపీకో, యొక్కొకప్పుడు గిల్లీ చెవికో తగులుకొనును. ఉదయమంతయు గిల్లీ గాలమునుండి విడిపించునవి చేపలు గావు, కొమ్మలు!

అసలు చిక్కు చేపతోనే యున్నది. సాల్మను చేప సముద్రమున బెరిగి, గ్రుడ్లు పెట్టుటకు దాను బుట్టిన నదికి మరలి వచ్చును. నదిలో బ్రవేశించినది మొదలు ఆహారము ముట్టదు. ఏకాదశినాడు విస్తరి పఱచి, అత్తగారు భుజింపలేదేమని కోడలిని గద్దించినట్లు, ఉపవాసమున్న చేప ఈగను ముట్టలేదేమని యతిథి గిల్లీని గద్దించును. ఒక్కొకప్పు డా చేప ఈగను గఱచుటయు గలదు. ఎందుకు కఱచునో శాస్త్రజ్ఞులు నేటికిని తేల్చలేదు. అతిథికి మాత్రము గిల్లీ తత్క్షణమే కారణము చెప్పవలెను.

కఱచినంతనే కఱ్ఱను గుంజరాదు. చేప ఈగను నోట బట్టి వెనుకకు మరలువఱకు నోపిక పట్టవలెను. అందులకై రాజునకు దైవరక్ష గోరు మాటను నెమ్మదిగా బలికి, పిమ్మట కఱ్ఱ నెత్తుడని గిల్లీలు నేర్పుట పరిపాటి. అతిథి దేవుని దలపకమున్నే గుంజును, చేప పోవును, నింద ఈగపై బడును. గిల్లీ మాఱాడక మఱియొక యీగను గట్టును. చేప దొరకిన నతిథి నేర్పు, దొరకకున్న గిల్లీ లోపము. వంట కుదిరిన గృహస్థు మర్యాద, ఉప్పు తగ్గిన నిల్లాలి దోషమను న్యాయము మనకు క్రొత్తది కాదు గదా!

1922 అక్టోబరు 7వ తేదీని టే నదిపై జార్జినా బాలంటైన్ అను యువతి 64 పౌనుల సాల్మనును బట్టెను. అది ఈగతో గాక ఎరతో బట్టినది. పోరు రెండు గంటలకు పైగా సాగెను. బ్రిటనులో గాలమున బట్టిన సాల్మనులలో దానిని మించినది నేటికిని లేదు. నాడు పడవ నడపిన గిల్లీ యామె తండ్రియే. కుమార్తె పేరు చరిత్రలో నిలిచినది. తెడ్డు పట్టిన చేతులను దలచువారు తక్కువ. ఆ తండ్రికి మాత్ర మంతకన్న నేమి కావలెను?

నేటి గిల్లీకి నవ్వరాని కష్ట మొకటి వచ్చిపడినది. సాల్మనులు నానాటికి దఱిగిపోవుచున్నవి. 2023లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘము గ్రేటు బ్రిటనులోని సాల్మను అంతరించు ప్రమాదమున నున్నదని ప్రకటించెను. కావున స్కాట్లండులో గాలమున బడినవానిలో మిక్కిలి భాగమును మరల నీట విడుచుచున్నారు. పట్టుట నేర్పుటయే కష్టమైనవానికి విడుచుట నేర్పుట గూడ దోడైనది! ఛాయాచిత్రము కొఱకు జేపను నీటిపై కెత్తి యతిథి చిఱునవ్వుతో నిలుచును, చేపకు ఊపిరాడదు. దినమంతయు నిందలకు మౌనము వహించిన గిల్లీ యప్పుడు మాత్రము "నీటిలోనే యుంచుడు!" అని గద్దించును. ఆ చేప పోయి గ్రుడ్లు పెట్టిననే తన మనుమనికి నదిపై బని యుండునని యాతడెఱుగును.