సింహళమునకు ఏడు దినముల యాత్ర

వేసవి సెలవులు సమీపింపగానే ఇంటింటను ప్రయాణముల ప్రసంగము మొదలగును. పుట్టింటికో, తిరుపతికో పోయి వచ్చుట మనకు వాడుకయే. సముద్రము దాటి పరదేశమునకు పోవుదమను తలంపు మాత్రము మావంటి బడిపంతుళ్ల కుటుంబములలో తఱచుగా పుట్టునది కాదు. నాలుగేండ్లు చీటీ కట్టి కూడబెట్టిన సొమ్ముతో 2024వ సంవత్సరము మే నెలలో మేము సింహళద్వీపమునకు పోయి వచ్చితిమి. చెన్నపట్టణమునుండి విమానము సుమారు గంటన్నరలో కొలంబో చేర్చినది. మా ఊరినుండి చెన్నపట్టణము చేరుటకే రాత్రియంతయు పట్టినది. పోదలచిన ఊరి గృహిణులను ముందుగా సలహా అడుగవలెననియు, అడిగిన పిమ్మట వారి మాట మనకు రుచింపకున్నను వినవలెననియు ఈ యాత్రలో మేము నేర్చుకొంటిమి. మొదటి పని చక్కగా చేసితిమి. రెండవది సగమే చేసితిమి. ఆ సగమునకు ఫలితమేమో తుదకు విన్నవింతుము.

మేము నలుగురము: మావారు, మా అత్తగారు, పదకొండేండ్ల మా అమ్మాయి, మేము. మే 13వ తేదీని జరిగిన ఎన్నికలలో మావారికి విధులుండుటచే అంతకు ముందు కదలుటకు వీలులేకపోయెను. 18వ తేదీని బయలుదేరి 24వ తేదీని తిరిగి వచ్చునట్లు నిశ్చయించుకొంటిమి. మేము పటము ముందు పెట్టుకొని మొదట వేసిన ఏర్పాటిది: కాండీ నగరము, అటనుండి తేయాకు తోటల నడుమ పోవు రైలులో నువర ఎలియ, ఆపైన దక్షిణమున గాలే సముద్రతీరము. తేయాకు కొండలలో ఆ రైలు ప్రయాణము మా చిరకాలపు కోరిక యని ఒప్పుకొనవలెను.

అత్తగారు కోరినది ఒక్కటే, త్రికోణమలై. అష్టాదశ శక్తిపీఠములను పేర్కొనునపుడు మొట్టమొదట వచ్చునది లంకలోని శాంకరి గదా! శ్రీశైలము, అలంపురము, పిఠాపురము, ద్రాక్షారామము ఆమె సేవించియుండిరి. పటమున చూచినచో త్రికోణమలై ద్వీపమునకు ఈశాన్యమున దూరముగా నున్నది. "ఈసారి వీలుపడదు అత్తయ్యగారూ, ఇంకొకసారి చూతము" అంటిమి. "ఇంకొకసారికి నాకెన్ని వేసవులున్నాయే అమ్మాయీ?" అని ఆమె నవ్విరి. ఆ నవ్వు మాకు కొంత గుచ్చుకొన్నను ఏర్పాటును మాత్రము మార్చలేదు.

తరువాత ఇరువురు స్త్రీలకు ఫోనున జాబులు వ్రాసితిమి. ఒకరు కాండీలో మేము గది కుదుర్చుకొన్న ఇంటి యజమానురాలు, సింహళ స్త్రీ. రెండవవారు మావారి మిత్రుని మూలమున పరిచయమైన త్రికోణమలై ఉపాధ్యాయిని, తమిళ స్త్రీ. ఉపాధ్యాయినిగారు మా ఏర్పాటు చదివి, "తంగచ్చీ, మే నెలలో గాలేకు పోయి సముద్రము చూడవలెననుకొంటివా? అక్కడ నీవు చూచునది వానను" అని వ్రాసిరి. కాండీ ఆమెయు ఇంచుమించు ఆ మాటయే చెప్పెను.

దాని కారణము మేము అంతవరకు ఎఱుగము. చిన్న ద్వీపమే యైనను సింహళమునకు రెండు వానకాలములు. మే మొదలు సెప్టెంబరు వఱకు నైరృతి ఋతుపవనము పడమటి తీరమును, దక్షిణమును, కొండల పడమటి వాలును తడుపును. ఆ గాలి కొండలు దాటి తూర్పునకు వచ్చుసరికి పొడిగాలి యగును. అందుచే మనకు వేసవి సెలవులున్న దినములలో తూర్పు తీరమున ఆకాశము నిర్మలముగను, సముద్రము శాంతముగను ఉండును. డిసెంబరు, జనవరి నెలలలో ఇది తలక్రిందులగును. చలికాలమున పోయి వచ్చినవారి మాట నమ్మి వేసవిలో పోవువారు మోసపోవుట ఇందువలననే.

ఈవిధముగా అత్తగారి కోరికయు, ఋతువును ఒకటే దారి చూపినవి. మేము రైలును, నువర ఎలియను, గాలేను విడిచితిమి. కాండీలో రెండు రాత్రులు, దంబుల్లలో ఒకటి, త్రికోణమలైలో రెండు, విమానాశ్రయము దగ్గఱ ఒకటి అని తిరుగ వ్రాసికొంటిమి. "ఊళ్లు తగ్గించుకొనుము. మా బాటలు పటములో కనబడునంత పొట్టివి కావు" అని కాండీ ఆమె చేసిన హెచ్చరిక నిజమే. విమానాశ్రయమునుండి కాండీ సుమారు 100 కిలోమీటర్లే. మాకు నాలుగు గంటలు పట్టినది.

కాండీలో దంతధాతువు నుంచిన దళదా మాళిగను చూచుటకు తెల్లని వస్త్రములు తెచ్చుకొండని ముందే చెప్పియుండిరి. మా నూలు చీరలు అక్కడివారి తెల్లని దుస్తులలో కలిసిపోయినవి. భుజములు, మోకాళ్లు కప్పుకొనవలెను. బుద్ధవిగ్రహమునకు వీపు త్రిప్పి ఫోటో తీయించుకొనరాదు. ఆ ధాతువును 4వ శతాబ్దమున కళింగదేశపు దంతపురమునుండి హేమమాల యను రాజపుత్రి తన కొప్పులో దాచి, భర్తతో సముద్రము దాటి తెచ్చినదని అక్కడివారి గాథ. మన శ్రీకాకుళము జిల్లాలోని దంతవరపుకోటయే ఆ దంతపురమని కొందఱు పండితుల మతము. అంతటి నిధిని జడలో దాచి తెచ్చిన ఆడుబిడ్డ కథ విని, మా నాలుగు పెట్టెలను చూచుకొని మేము సిగ్గుపడితిమి. కాండీని పాలించిన తుది రాజవంశము మధుర నాయకుల బంధువర్గము. 1815లో రాజ్యము పోయిన శ్రీ విక్రమ రాజసింహుడు వేలూరి కోటలో బందీగా నుండి 1832లో మరణించెను.

శాకాహారులగు సోదరీమణులు ఒక్క మాట గుర్తుంచుకొనవలెను. అక్కడ కొబ్బరి పచ్చడిలోను, కూరలలోను కూడ 'ఉంబలకడ' యను ఎండుచేపల పొడి కలుపుదురు. "మాంసము వద్దు" అన్నంత మాత్రమున చాలదు; చేపపొడియు వద్దని విడిగా చెప్పవలెను. కాయగూరలను సింహళమున 'ఎలవలు' అందురు. తమిళులుండు ఊళ్లలో 'సైవ' భోజనశాల యని అడిగిన చాలును. ఇడియాప్పము, పప్పు, కొబ్బరిపాల కూరలు మా అందఱకును హితవైనవి. అమ్మను అమ్మ యనియు, అక్కను అక్క యనియు సింహళులును పిలుతురని విని మా అమ్మాయి ఎంతయో సంతోషించెను.

దంబుల్ల, సిగిరియలలో ఒకటే ఎన్నుకొండని సలహా. సిగిరియ శిల యెక్కుటకు సుమారు 1,200 మెట్లు. అత్తగారి మోకాళ్లకు అది తగదు. దంబుల్లలోను మెట్లున్నవిగాని నిలిచి నిలిచి ఎక్కవచ్చును. ఐదు గుహలలో పైకప్పు నిండ చిత్రములు. మొదటి గుహలో సుమారు 14 మీటర్ల శయన బుద్ధుడు. ఆ కొండపైనుండి దూరమున సిగిరియ శిల కనబడినది. చూడలేదను విచారము మాకు లేదనము. కాని చల్లని గుహలో అత్తగారి ప్రక్కన కూర్చున్నపుడు అది కొంత తగ్గినది.

త్రికోణమలైలో కోణేశ్వరస్వామి ఆలయము సముద్రముపైకి నిలిచిన కొండశిలపై నున్నది. ప్రాచీనాలయమును 17వ శతాబ్దమున పోర్చుగీసువారు పడగొట్టి ఆ రాళ్లను కోటకు వాడిరి. 1950లో భూమి త్రవ్వుచుండగా కొన్ని పూర్వవిగ్రహములు దొరకినవి. నేటి ఆలయము తరువాత కట్టినది. పూర్వపు శాంకరీ స్థానము నశించినదనియు, కోణేశ్వరుని సన్నిధినున్న అమ్మవారినే భక్తులు శాంకరిగా కొలుతురనియు ఉపాధ్యాయినిగారు చెప్పిరి. అత్తగారు ఆ మాట విని ఊరకుండి, "గుడి పోయిందేమో గాని ఆమె పోలేదుగా" అనిరి. ఆకాశమున మబ్బుతునుక లేదు. ఆ రాత్రియే కాండీ ఆమె తమ ఊర వాన విడువకున్నదని జాబు వ్రాసెను.

ఇక మా తప్పు. మే 23వ తేదీ వైశాఖ పూర్ణిమ. సింహళులకది వెసాక్ మహోత్సవము. "తెల్లవారుజామున బయలుదేరి మధ్యాహ్నమునకే బస చేరుకొండు. సాయంకాలము దీపములు చూచుటకు జనమంతయు బాటలపైననే యుందురు" అని ఇరువురును చెప్పియుండిరి. మేము ఆ ఉదయము సముద్రస్నానపు ఆశతో ఆలసించి, మధ్యాహ్నము బయలుదేరితిమి. కురునెగల సమీపించుసరికి చీకటి పడినది. కాగితపు దీపములతో ఊరంతయు వెలుగుచుండెను, కారు మాత్రము కదలదు. అత్తగారికి మధుమేహము, భోజనవేళ మించిపోయినది, తెచ్చుకొన్న పలహారము అయిపోయినది. ఆమె చేతులు వణకుట చూచి మాకు నోట మాట రాలేదు.

అప్పుడు బాట ప్రక్కన పందిరినుండి ఒక పిల్లవాడు వచ్చి కారు తలుపు తట్టెను. వెసాక్ నాడు దారినపోవువారికి ఉచితముగా అన్నపానములిచ్చు పందిళ్లను 'దన్సల' యందురు. 2022లో తిండికి, ఇంధనమునకు కటకటపడిన జనులే రెండేండ్లకు దారినపోవువారినందఱిని పిలిచి పెట్టుచుండిరి. "ఎలవలు?" అని అడిగితిమి. "ఎలవలు, అమ్మా" అని ఒక ముసలమ్మ అన్నము, పప్పు వడ్డించెను. బయటి చేతివంట ముట్టని మా అత్తగారు ఆ బల్లపై కూర్చుండి తృప్తిగా తినిరి. బస చేరునప్పటికి అర్ధరాత్రి దాటినది.

కావున సోదరీమణులారా, పరదేశమునకు పోదలచినచో పాసుపోర్టునకు ఆరు నెలల గడువున్నదా, ప్రవేశానుమతి విధులెట్లున్నవి యని ప్రభుత్వపు వెబ్‌సైటున స్వయముగా చూచుకొనుడు. "చూడవలసినవేవి?" అను ప్రశ్నకు పుస్తకములే ఉత్తరమిచ్చును. ఊరివారిని అడుగవలసినవి వేఱు: ఈ నెలలో మీరైతే ఎటు పోవుదురు? ఆ వారములో పండుగలేవి? పెద్దవారు నడువగల దారి యేది? మేము వేసికొన్న ఏర్పాటులో దేనిని తీసివేయవలెను? ఈ తుది ప్రశ్న తప్పక అడుగుడు. ఇంటిలోని పెద్దలు ఏదైన ఒక్కటి కోరినచో, పటము మడిచిపెట్టుటకు ముందు దానిని మఱియొకసారి చూడుడు.