పేరుచీటి యంత్రము

అరకులోయలో వానకాలపు మంచు గదులలోనికిని జొచ్చును. సిరాతో వ్రాసిన చీటులు చెమ్మకు చెరగిపోవును. మా ప్రయోగశాలలో నొకతూరి ఆమ్లపు సీసాపై పేరు చెరగిపోగా, అది నీరని తలంచి యొక బాలుడు మూత తీయబోయెను. దైవకృపవలన అపాయము తప్పినది. అది మొదలు చీటులను యంత్రముతో ముద్రించుచున్నాము.

ఇందు ద్రవపు సిరా లేదు. ముద్రించు భాగమునందలి సూక్ష్మబిందువులు వేడెక్కి, రిబ్బనుపైనున్న రంగును కరగించి టేపున కంటించును. లామినేటు టేపులో అక్షరములు పారదర్శకమైన పొర క్రింద నుండును గనుక తడి వానిని చేరదు.

టేపు పూర్తిగా నిలిచిన పిమ్మటనే మీటను నొక్కి కత్తిరింపవలెను. కదలుచుండగా నొక్కినచో టేపు చిక్కుకొనును. వాదరకడకు వ్రేలు చేర్పరాదు. చిన్న యంత్రములు కొన్నింట తెలుగులిపి లేదు. కంప్యూటరునకు గలుపు యంత్రములతో తెలుగును ముద్రింపవచ్చును.

విద్యార్థులారా! ఇంటనున్న పురుగుమందు సీసాలకు పేరు గలదో లేదో పెద్దలతో గూడి చూడుడు. పేరులేని సీసాను ముట్టకుడు.