పరీక్ష తప్పినవాళ్ళు: రెండో అవకాశం ఎవరికి, ఎంతకు?

మన బస్తీల్లో ఫెయిలయిన పిల్లను 'పరీక్ష తప్పింది' అంటారు. ఆ మాటలో పరీక్షా ఉంది, తప్పు చేసిందన్న నిందా ఉంది. పాతబస్తీలో గౌలిపురా, ఉప్పుగూడ, ఛత్రినాక వైపు దళిత ఇళ్ళకు వెళ్ళినప్పుడు 'మా పిల్ల ఇంటర్ తప్పింది సార్, ఇగ పనికి పోతంది' అని తల్లులు ఒకే ఊపిరిలో చెప్పడం విన్నాం. తప్పడానికీ పనికి పోవడానికీ మధ్య ఊపిరి తీసుకునేంత జాగా కూడా లేదు. నిజానికి ఆ జాగాలోనే బోర్డు, యూనివర్సిటీ కొన్ని అవకాశాలు పెట్టి ఉంచాయి. వాటిని సప్లిమెంటరీ, బ్యాక్‌లాగ్, ఇన్‌స్టంట్, వన్ టైమ్ ఛాన్స్ అని రకరకాలుగా పిలుస్తున్నారు. ఇవి ఎట్లా పనిచేస్తాయో, మన పిల్లల దాకా ఎందుకు చేరడం లేదో చూడాల్సి ఉంది.

ఇంటర్మీడియట్‌లో పాస్ కావడానికి నూటికి 35 మార్కులు కావాలి. తప్పినవాళ్ళకు ఫలితాలు వచ్చాక కొద్ది వారాల్లోనే అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ పెడతారు కాబట్టి, అందులో గట్టెక్కితే ఏడాది పోదు. డిగ్రీ సంగతి వేరు. ఉస్మానియా పరిధిలో 2016-17 నుంచి సెమిస్టర్ పద్ధతి నడుస్తోంది. మొదటి సెమిస్టర్‌లో ఒక పేపరు పోతే మామూలుగా మళ్ళీ మొదటి సెమిస్టర్ పరీక్షలు వచ్చేదాకా, అంటే ఏడాది దాకా ఆగాలి. ఈలోగా పై సెమిస్టర్ల చదువు సాగుతూనే ఉంటుంది. ఒక్క పేపరుతో చదువేమీ ఆగిపోదని అధ్యాపకులు ధైర్యం చెప్తారు, అది నిజమే. కానీ ఆ ఒక్క పేపరు మీద ఇంకొకటి, దాని మీద మరొకటి పేరుకుంటాయి. మూడేళ్ళ కోర్సు అయిపోయినా చేతికి పట్టా రానివాళ్ళను ప్రతి బస్తీలో చూపించగలం. గడువు దాటిన పాత బ్యాచీల కోసం యూనివర్సిటీ అప్పుడప్పుడు వన్ టైమ్ ఛాన్స్ ప్రకటిస్తుంది. అది పేపర్లో చిన్న వార్తగా వస్తుంది. అప్పటికి ఆ పిల్లవాడు ఏ సెల్‌ఫోన్ దుకాణంలోనో, ఏ గోదాములోనో ఉంటాడు.

ఈ వ్యాసం రాస్తున్న మేము కూడా డిగ్రీ మొదటి ఏడు ఇంగ్లీషు తప్పినవాళ్ళమే. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి మేమే కాబట్టి తప్పితే ఏం చేయాలో అడగడానికి ఎవరూ లేరు. పరీక్ష ఫీజు నోటీసు కాలేజీ బోర్డు మీద అంటించిన నాలుగో రోజుకే తేదీ అయిపోయింది. తర్వాత లేటు ఫీజుతో కట్టాల్సి వస్తే మా అమ్మ చిట్టీ ఎత్తింది. మళ్ళీ రాసి పాసయ్యాం. అప్పుడు మేము సంపాదించినది ఇంగ్లీషు కంటే ఎక్కువగా నోటీసు బోర్డు చదివే విద్య అని ఇప్పుడనిపిస్తుంది.

డబ్బు గురించి మాట్లాడుకోవాలి. ఎస్సీ విద్యార్థుల పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ 1944 నుంచి ఉంది. ఆ పథకం నిబంధనల్లో చాలా ఏళ్ళు ఒక క్లాజు నడిచింది. మెడిసిన్, ఇంజనీరింగ్ వంటి పై గ్రూపు కోర్సుల్లో ఉన్నవాడు మొదటిసారి ఫెయిలయితే స్కాలర్‌షిప్ కొనసాగించవచ్చు. ఏ తరగతిలోనైనా రెండోసారి ఫెయిలయితే పై తరగతికి పోయేదాకా విద్యార్థే తన ఖర్చు పెట్టుకోవాలి. ఈ క్లాజును మేము చాలాసార్లు చదివాం. మొదటి తప్పుకు మన్నింపు ఇంజనీరింగ్ పిల్లవాడికి పేరుపెట్టి రాశారు, బి.ఏ. పిల్లకు రాయలేదు. మన పిల్లల్లో ఎక్కువమంది ఉన్నది బి.ఏ., బి.కాం.లలో. ఉన్నవాళ్ళ ఇంట్లో పిల్లవాడు తప్పితే ట్యూషన్ పెడతారు, లేకపోతే కాలేజీ మారుస్తారు. వాళ్ళ రెండో అవకాశానికి నోటిఫికేషన్ అక్కర్లేదు.

ఇక్కడ 'మెరిట్' వాదులు అడ్డం వస్తారు. తప్పినవాళ్ళను మళ్ళీ మళ్ళీ రానిస్తే ప్రమాణాలు పడిపోతాయంటారు. అంబేద్కర్ 1907లో మెట్రిక్ పాసయినప్పుడు ఆయనకు వచ్చినవి 750కి 282 మార్కులు. నూటికి 38 కూడా కాదు. ఆ మార్కులు చూసి ఆయన చదువు అంతేనని తేల్చి ఉంటే ఏం పోగొట్టుకునేవాళ్ళమో పాఠకులకు చెప్పనక్కర్లేదు. 1927 మార్చిలో బొంబాయి శాసనమండలిలో విద్యా పద్దు మీద మాట్లాడుతూ ఆయన ఒక లెక్క చెప్పారు. బడిలో వందమంది చేరితే నాలుగో తరగతికి చేరేది 18 మంది, మిగతా 82 మంది మళ్ళీ నిరక్షరాస్యతలోకే జారిపోతున్నారని. ఆ 82 మందిని ఆయన తెలివితక్కువవాళ్ళని అనలేదు, పెట్టిన ఖర్చు వృథా చేస్తున్నందుకు సర్కారునే నిలదీశారు. 1946లో బొంబాయిలో సిద్ధార్థ కాలేజీ పెట్టినప్పుడు, ఉద్యోగం చేసుకునే పిల్లలు రాగలిగేలా తెల్లవారి క్లాసులు నడిపించారు. పని చేసేవాడి వేళను బట్టి కాలేజీ గడియారాన్ని మార్చడం ఆ రోజుల్లోనే సాధ్యమైంది. మన హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ 1910 నుంచి ఇసామియాబజార్‌లో, లింగంపల్లిలో దళిత పిల్లలకు బడులు తెరిచారు. ఆ బడుల తర్వాతి తరాలే ఇవాళ మూసీ ఒడ్డున సిటీ కాలేజీలో, హుస్సేనీ ఆలం మహిళా డిగ్రీ కాలేజీలో హాల్‌టికెట్లు పట్టుకుని నిలబడి ఉన్నాయి.

తప్పు ఎప్పుడూ విద్యార్థిదేనా? 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చినప్పుడు ఈ ప్రశ్న రాష్ట్రమంతా లేచింది. మూడు లక్షలకు పైగా పిల్లలు ఫెయిలయ్యారు. ఒక విద్యార్థినికి తెలుగులో సున్నా వేశారు, తిరిగి చూస్తే 99 మార్కులు తేలాయి. ఇరవైమందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. అప్పటికి ఒక్కో పేపరు రీవెరిఫికేషన్‌కు 600 రూపాయలు కట్టాలి. రెండు పేపర్లు పోతే కూలి తల్లి ఎన్ని రోజుల కూలి తెచ్చి కట్టాలో లెక్క వేసుకోండి. ఆందోళనలు జరిగాక ప్రభుత్వం ఫెయిలయిన వారందరి పేపర్లూ ఉచితంగా తిరిగి చూడమంది. 1,137 మంది పాసయినట్లు తేలింది. లక్షల్లో వెయ్యేనా అని కొందరు తేలిగ్గా తీసేశారు. ఆ వెయ్యిమందీ తాము తప్పలేదని కొన్ని వారాల పాటు ఎవరికీ రుజువు చేయలేక ఇంట్లో కూర్చున్నారన్నది మాత్రం మరిచారు.

కోవిడ్ కాలంలో మరో రకం చూశాం. 2020 సెప్టెంబర్ నుంచి పాఠాలు దూరదర్శన్‌లో, ఫోన్లలో నడిచాయి. ఇంటికొక ఫోనుంటే అది పనికి పోయే తండ్రి జేబులో ఉండేది. ఫస్టియర్ పిల్లలను ముందు పరీక్ష లేకుండా పైకి పంపి, 2021 అక్టోబర్‌లో పిలిచి ఆ పాత పరీక్షలే రాయించారు. రాసిన 4,59,242 మందిలో పాసయింది 49 శాతం. మళ్ళీ ఆత్మహత్యలు, మళ్ళీ ఆందోళనలు. డిసెంబర్ 24న అప్పటి విద్యామంత్రి సబితా ఇంద్రారెడ్డి, ఫెయిలయిన వారందరికీ కనీస మార్కులు 35 వేసి పాస్ చేస్తున్నట్లు ప్రకటించారు. మేము ఆ నిర్ణయాన్ని తప్పు పట్టడం లేదు. అయితే మార్కు ఇచ్చారు గాని పోయిన పాఠం ఇవ్వలేదు. రెండో అవకాశమంటే మళ్ళీ పరీక్ష ఒక్కటే కాదు, మళ్ళీ పాఠం కూడా. ఆ రెండోది అడిగినవాళ్ళు మనలో కూడా తక్కువే.

పరిశోధన స్థాయిలోనూ ఇదే. 2008 ఫిబ్రవరిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో సెంథిల్ కుమార్ అనే దళిత విద్యార్థి చనిపోయాడు. భౌతికశాస్త్రంలో పిహెచ్‌డి చేస్తున్నాడు. కోర్సు వర్కు పాసయితేనే ఫెలోషిప్ అన్న నిబంధన కింద అతని డబ్బు ఆగిపోయింది. ఫెయిలయినవాడికి తిండి డబ్బు ఆపితే అతను మళ్ళీ రాసేదెట్లా?

కార్యకర్తలకు, టీచర్లకు పనికొచ్చే ఒక సంగతి ఉంది. జవాబు పత్రం చూసుకునే హక్కు విద్యార్థికి సమాచార హక్కు చట్టం కింద ఉందని 2011 ఆగస్టులో సుప్రీంకోర్టు సీబీఎస్ఈ, ఆదిత్య బందోపాధ్యాయ్ కేసులో తేల్చింది. కేంద్ర నిబంధనల ప్రకారం దరఖాస్తుకు 10 రూపాయలు, కాపీకి పేజీకి 2 రూపాయలు. 600 పక్కన ఈ అంకెలు పెట్టి చూడండి. డిగ్రీలో తప్పిన పిల్లల పేపర్లు తెప్పించి, సబ్జెక్టు తెలిసిన టీచరు పక్కన కూర్చుని ఎక్కడ పోయిందో చూపిస్తే, మార్కు పెరగకపోయినా తర్వాతి పరీక్షకు అదే ట్యూషన్. యూనివర్సిటీలో ఉన్న మనవాళ్ళు నెలకు రెండు ఆదివారాలు ఇస్తే ఇది నడుస్తుంది. ఫలితాలు వచ్చిన రోజు బస్తీ కమ్యూనిటీ హాలు ముందు ఒక బల్ల వేసుకుని కూర్చోవాలి. తప్పిన పిల్లలు సిగ్గుతో రారు, కాబట్టి వాళ్ళ ఇండ్లకు మనమే పోవాలి. సప్లిమెంటరీ ఫీజుకు ఆఖరి తేదీ ఎప్పుడో తెలుగులో, ఉర్దూలో పెద్ద అక్షరాలతో రాసి నల్లా దగ్గర, రేషన్ దుకాణం దగ్గర అంటించాలి. తేదీ దాటకముందే.