మన పప్పుకి బ్యాకప్ పటాన్‌చెరులో ఉంది

హైటెక్ సిటీలో మా ఆఫీస్ క్యాంటీన్‌లో రోజూ పప్పే. ఎప్పుడూ పట్టించుకోలేదు. పోయిన అక్టోబర్‌లో, సరిగ్గా లంచ్ టైమ్‌కి తాండూరు దగ్గర మా ఊరి నుంచి నాయిన ఫోన్. "కంది పూత మీదుంది, నిలబడ్డ కాడనే ఎండిపోతున్నదిరా."

ఎండు తెగులు. మట్టిలోని ఫ్యుజేరియం అనే బూజు వేర్లలోంచి ఎక్కి, మొక్కకి నీళ్లు వెళ్లే దారి మూసేస్తుంది. విచిత్రం ఏంటంటే, గట్టు అవతల చేను పచ్చగానే ఉంది. అదీ కందే. నేల కూడా అదే. విత్తనమే వేరు.

కంది అంటే అంతా ఒకటే అనుకుంటాం గానీ కాదు. ఒక రకం నాలుగు నెలల్లో కోతకొస్తే, ఇంకోటి ఎనిమిది నెలలు తీసుకుంటుంది. గింజ తెలుపు, ఎరుపు, నలుపు కూడా ఉంటుంది. ఈ తేడాల వెనక ఉన్నవి జన్యువులు. గచ్చిబౌలికి దగ్గర్లోనే, పటాన్‌చెరు ఇక్రిశాట్ జీన్ బ్యాంక్‌లో 13 వేలకు పైగా కంది నమూనాలు దాచారు. దీర్ఘకాలం ఉండాల్సినవి మైనస్ 20 డిగ్రీల చలిలో ఉంటాయి. ఎండు తెగులుని తట్టుకునే 'మారుతి' రకం 1986లో వచ్చింది, ఒక నాటు రకంలోంచి ఏరిందే.

2017లో 292 కంది నమూనాల డీఎన్‌ఏ పోల్చి చూశారు. అడవి కంది నుంచి నేటి మేలు రకాల దాకా వచ్చేసరికి వైవిధ్యం తగ్గిపోయింది. వాడట్లేదని పాత బ్రాంచ్‌లన్నీ డిలీట్ చేసినట్టు!

తట్టుకునే రకం వేద్దామన్నాను. "మరి మన పప్పు రుచి?" అన్నాడు నాయిన. తాండూరు కందికి 2022లో జీఐ గుర్తింపు వచ్చింది, ఆయన గర్వం ఆయనది. కాసేపాగి తనే తేల్చాడు. "ఎండిన చేన్ల నువ్వు చెప్పింది ఏద్దాం. గుట్ట కాడి చేన్ల మాత్రం మన గింజే."